దోమ కాని పెద్దదోమ

కార్తీకంలో మార్టూరు వెళ్ళాను. రాత్రి భోజనాలయ్యాక వసారాలో కూర్చున్నాం. లైటు పక్కన గోడకు ఒక పురుగు వేలాడుతోంది. పుల్లలాంటి ఒళ్ళు, రెండు పక్కలకూ చాపిన రెక్కలు, వెంట్రుకకంటే కాస్త లావు అనిపించే ఆరు పొడుగాటి కాళ్ళు. మా పెద్దమ్మ దాన్ని చూసి, "ఏందిరా అబ్బాయ్ ఈ దోమ! కుట్టిందంటే లీటరు నెత్తురు లాగేటట్టుంది" అంటూ చీపురు అందుకుంది. ఒక్క దెబ్బ. పురుగు ఎగిరిపోయింది, రెండు కాళ్ళు మాత్రం గోడమీదే ఉండిపోయాయి.

ఆ పురుగుకు మనిషి నెత్తురుతో పని లేదు. కుట్టే సూదే దాని మూతికి లేదు. పెరిగిన పురుగు బతికేది కొద్ది రోజులు. ఆ కాస్త కాలంలో జత కట్టడం, గుడ్లు పెట్టడం, దొరికితే రెండు చుక్కల నీళ్ళో పూలతేనో తాగడం, అంతే దాని సంసారం. వీటిలో కొన్ని జాతులకు ముక్కు ముందుకు పొడుగ్గా సాగి దోమ తొండంలా భయపెడుతుంది గాని, అదీ పూల కోసమే.

ఇంగ్లీషులో దీని పేరు క్రేన్ ఫ్లై. మార్టూరు వాళ్ళ దగ్గర క్రేన్ అంటే నవ్వుతారు. బల్లికురవ క్వారీల నుంచి వచ్చే రాతి దిమ్మెల్ని హైవే పక్కన గ్రానైట్ ఫ్యాక్టరీల్లో దించే యంత్రం అది, టన్నుల లెక్కన మోస్తుంది. ఈ పురుగు తన కాళ్ళనే సరిగ్గా మోయలేదు. అయినా రెండింటికీ పేరిచ్చింది ఒకటే పక్షి, కొంగలా నిలబడే పొడుగుకాళ్ళ పిట్ట. మెడ చూసి యంత్రానికి పెట్టారు, కాళ్ళు చూసి పురుగుకు పెట్టారు. అందుకని నేను దీన్ని కొంగ ఈగ అంటాను. నిఘంటువులో వెతక్కండి.

ఈగ అని ఎందుకనాలి, దోమలా ఉంటే? ఇక్కడ రెక్కలు లెక్కపెట్టాలి. పురుగుల్లో చాలావాటికి నాలుగు రెక్కలు. రెండే రెక్కలున్నవాటిని అరిస్టాటిల్ కాలం నుంచీ డిప్టెరా అంటున్నారు, ద్విపక్షాలన్నమాట. లక్షన్నరకు పైగా జాతులున్న ఈ వంశంలోనే ఇంట్లో ముసిరే ఈగ, నెత్తురు తాగే దోమ, మా గోడమీది కొంగ ఈగ ముగ్గురూ ఉన్నారు. తెలుగు మాత్రం ఈ లెక్క పట్టించుకోలేదు. తూనీగ, తేనెటీగ, కందిరీగ, మూడు పేర్లలోనూ ఈగ ఉంది. మూడింటికీ నాలుగేసి రెక్కలు. ఒక్కటీ ఈగ కాదు.

దోమల సంగతి ఇంకా చిత్రం. ఈ చుట్టుపక్కల ఏ ఊళ్ళోనైనా పురుగుమందుల కొట్టు ముందు పది నిమిషాలు నిలబడండి. పత్తిలో పచ్చదోమ, మిరపలో తెల్లదోమ, వరిలో సుడిదోమ అని వినబడుతుంది. ఈ మూడూ మొక్కల రసం పీల్చేవే, నాలుగు రెక్కలవే, మంచం నల్లులకు దగ్గరి చుట్టాలే. అసలు దోమతో వీటికి చుట్టరికం బహు దూరం. తెల్లదోమను ఇంగ్లీషువాళ్ళు తెల్ల ఈగ అన్నారు, మనం దోమ అన్నాం, ఇద్దరమూ తప్పే. ఇక నిజంగా రెండు రెక్కలుండి, చూడటానికీ దోమలాగే ఉండి, వరి పిలకల్ని ఉల్లికాడల్లా గొట్టాలు చేసే పురుగు ఒకటుంది. దాన్ని దోమ అంటే సరిపోయేది. మనవాళ్ళు దాన్ని ఉల్లికోడు అన్నారు! పురుగును చూసి కాదు, అది చేసిన పనిని చూసి పెట్టిన పేరది. నాకైతే ఈ పేరే మిగతావాటికంటే నిజాయితీగా అనిపిస్తుంది.

పేరు ఎలా ఉన్నా ఒళ్ళు చూడకపోతే జేబుకు చిల్లు. మిరప ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. తామర పురుగుకు ఆరు కాళ్ళు. ఈ మిరప నల్లి మంచం నల్లి కాదు, అసలు కీటకమే కాదు, ఎనిమిది కాళ్ళతో సాలీడు వైపు బంధువు. ఒకదానికి కొట్టే మందు రెండోదానికి పనిచేయాలని ఏమీ లేదు. 2021-22లో గుంటూరు, ప్రకాశం మిరపను మట్టికరిపించిన నల్ల తామర పురుగు ఇక్కడి పాత తామర పురుగు కానే కాదు, వేరే జాతి. మన దేశంలో దాన్ని మొదట 2015లో బెంగళూరులో, బొప్పాయి మీద గుర్తించారు.

మళ్ళీ మన అతిథి దగ్గరికి వద్దాం. రెండే రెక్కలంటే మిగతా రెండూ ఏమైనట్టు? కొంగ ఈగ రెక్కల వెనక జాగ్రత్తగా చూస్తే రెండు పక్కలా చిన్న గుండుసూదులు గుచ్చినట్టు కనబడతాయి. సన్నని కాడ, చివర బుడిపె. వాటిని హాల్టియర్లు అంటారు. పూర్వం గ్రీకు ఆటగాళ్ళు దూకేటప్పుడు చేతుల్లో పట్టుకునే బరువుల పేరది. వెనక రెక్కల జత కాలక్రమంలో ఇలా కుదించుకుపోయింది. ఈగలన్నిటికీ ఉంటాయి గాని, వాటిని చూడటానికి భూతద్దం కావాలి. కొంగ ఈగవి ఉత్త కంటికే కనబడతాయి.

అవి అలంకారానికి కాదు. ఎగిరేటప్పుడు రెక్కలతో పాటే, రెక్కలకు ఎదురు తాళంలో, పైకీ కిందికీ ఊగుతుంటాయి. బొంగరం తిరుగుతున్నప్పుడు పక్కకు వంచబోతే మొరాయిస్తుంది చూడండి, ఊగే బుడిపె కూడా అంతే. ఒళ్ళు ఒక పక్కకు తిరిగిందంటే బుడిపె దారి మారనంటుంది, కాడ మొదట్లో ఒత్తిడి పడుతుంది, అక్కడి నరాలు ఆ వార్తను రెక్కల కండరాలకు చేరవేస్తాయి. విమానాల్లో దిక్కు తప్పకుండా వాడే గైరోస్కోపుదీ ఇదే కొలువు. ఈ గుండుసూదులు తీసేస్తే ఈగ నిలకడగా ఎగరలేదని విలియం డెర్హమ్ అనే ఇంగ్లీషు పాదిరి 18వ శతాబ్దం మొదట్లోనే చూపించాడు. లెక్కలతో సహా ఎందుకో తేల్చడానికి ప్రింగిల్ అనే శాస్త్రవేత్త వచ్చి, 1948లో వ్యాసం రాయాల్సి వచ్చింది.

కొంగ ఈగను పోల్చుకోవడానికి ఇంకో ఆనవాలు దాని వీపు. రెక్కలు పుట్టే చోటికి కాస్త ముందు, ఇంగ్లీషు "వి" అక్షరం చెక్కినట్టు ఒక గాడి ఉంటుంది. దోమకు అది ఉండదు. దోమ రెక్క నరాల వెంట పొలుసులుంటాయి, దీని రెక్కలు గాజుకాగితంలా నునుపు. తలమీద చాలా ఈగలకుండే మూడు చిట్టి కళ్ళు దీనికి లేవు, రెండు పెద్ద కళ్ళే దిక్కు. అచ్చం ఇలాగే ఉండి ఆ మూడు కళ్ళూ ఉంటే అది చలికాలపు కొంగ ఈగ, వేరే కుటుంబం, చలిదేశాల సరుకు.

ఆడదాని పొట్ట చివర మొనదేలి ఉంటుంది. "అదిగో ముల్లు" అని భయపడేది దాన్ని చూసే. తడిమట్టిలో గుడ్లు దించే పనిముట్టు అది. మగదానికి ఆ చివర మొద్దుగా, చిన్న పట్టకారులా ఉంటుంది. ఆ పట్టకారు ఆకారం జాతికో రకం. పైకి ఒకేలా కనబడే రెండు పురుగులు ఒక జాతివో కావో చివరికి అక్కడే తేలుతుంది.

గోడమీద మిగిలిన రెండు కాళ్ళ కథేంటంటే, చీపురు విరగ్గొట్టింది కాదు. పురుగే వదిలేసింది. బల్లి తోక వదిలినట్టు, తొడ మొదట్లో ఒక కీలు దగ్గర కాలు సులువుగా ఊడొస్తుంది. పక్షి నోటికి కాలు చిక్కితే కాలు దానికిచ్చేసి తాను బయటపడుతుంది. బల్లికి తోక మళ్ళీ వస్తుంది, దీనికి కాలు మళ్ళీ రాదు. ఉన్నన్నాళ్ళు నాలుగింటితోనే నెట్టుకొస్తుంది.

దీన్ని మించిన మొండిది కియోనియా. మంచుమీద నడిచే కొంగ ఈగ, దానికి రెక్కలే లేవు. పాదం గడ్డకట్టడం మొదలైతే, ఆ మంచు ఒంట్లోకి పాకేలోపే ఆ కాలిని తానే తెంచేసుకుంటుందని అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2023లో ప్రకటించారు. రెంటచింతల ఎండలు ఎరిగిన మనకు కాస్త వింత కబురే.

పిల్లపురుగుల దగ్గర కొంగ ఈగ మంచితనం కొంచెం మసకబారుతుంది. కాలువ గట్ల తడిలో, కుళ్ళిన ఆకుల్లో, చెట్టు తొర్రల్లో పెరిగే బూడిదరంగు పురుగులు ఇవి. తలను భుజాల్లోకి లాక్కుంటాయి, ఊపిరి తీసేది వెనక నుంచి. ఒంటి చివర పూరేకుల్లా కండ తమ్మెలు, మధ్యలో రెండు గాలి రంధ్రాలు. ఎక్కువ జాతులు చెత్త తిని మట్టి చేసే రకం. ఐరోపాలో కొన్ని మాత్రం గడ్డి వేళ్ళు కొరికేస్తాయి, తోలు మందంగా ఉంటుందని వాటిని అక్కడ లెదర్‌జాకెట్లు అంటారు. 1935లో ఇవి పోయిపోయి లార్డ్స్ మైదానం మీద పడ్డాయి. గడ్డి పోయి పిచ్ బోడిగుండయింది, బంతి గిర్రున తిరిగింది. దక్షిణాఫ్రికా లెగ్ స్పిన్నర్ బలాస్కస్ 9 వికెట్లు తీశాడు. ఆ దేశం ఇంగ్లండు గడ్డమీద మొట్టమొదటి టెస్టు గెలిచింది, 157 పరుగుల తేడాతో. మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్ ఇవ్వాల్సి వస్తే నేను పురుగులకే ఇస్తాను.

వంశవృక్షం మాటకొస్తే, 1758లో లిన్నేయస్ వీటికి టిప్యులా అని పేరు పెట్టాడు. అదే బుట్టలో కుట్టని బుల్లిదోమల్ని కూడా వేశాడు, వాటిని తర్వాతివాళ్ళు ఏరి బయటపెట్టారు. ఇప్పటికి 15 వేల పైచిలుకు జాతులు. చాలాకాలం ఒకటే ఉమ్మడి కుటుంబం. ఇప్పుడు చాలామంది నాలుగు ఇళ్ళుగా వేరు పెడుతున్నారు, కొందరు ఇంకా ఒప్పుకోవడం లేదు. వేరు పెట్టిన పద్ధతి చూడండి. మూతి పక్కన వేలాడే తడుముకొమ్ముల్లో చివరి కణుపు కొరడాలా పొడుగ్గా ఉంటే టిప్యులిడే, పొట్టిగా ఉంటే లిమోనిడే. కంటి గదుల మధ్య సన్నని నూగు ఉంటే పెడిసిడే. నాలుగోది సిలిండ్రోటోమిడే, డెబ్భై జాతులు కూడా దాటీదాటని చిన్న ఇల్లు. దీని పిల్లల్లో కొన్ని పాచిమీద పచ్చగా, పాచిలాగే మొలకలు కట్టుకుని పడుంటాయి, పక్కనే ఉన్నా కనబడవు.

ఆ 15 వేలలో సుమారు మూడింట రెండు వంతులకు పేరు పెట్టింది ఒక్క మనిషే అంటే నమ్మాలి. చార్లెస్ పాల్ అలెగ్జాండర్, అమెరికావాడు, 1889లో పుట్టి 1981లో పోయాడు. 11 వేలకు పైగా కొత్త జాతుల్ని వర్ణించాడు. డెబ్భై ఏళ్ళ పనికి సర్దితే, రెండు మూడు రోజులకొకటి. భార్య మేబెల్ కూడా ఆయనతో తిరిగి పురుగులు పట్టింది. దక్షిణ భారతం పురుగులు ఆయనకు టపాలో చేరేవి. పంపినవారిలో ముఖ్యుడు సుసై నాథన్. ఆయన సీసాల చీటీలమీద కోయంబత్తూరు, ఆనైమలై కొండలు, కారైకాల్ దగ్గరి కురుంబగరం అని ఉంటాయి. యానాం ఏ పుదుచ్చేరిలో ఉందో కారైకాలూ అందులోదే. మన వైపు కాలువ గట్లమీద సీసా పట్టుకు తిరిగిన నాథన్ ఒకరుంటే ఎంత బాగుండేది!

అలెగ్జాండర్ కంటే ముందు ఈ దేశపు కొంగ ఈగల్ని పుస్తకానికెక్కించినవాడు బ్రునెట్టి. 1912లో వచ్చిన బ్రిటిష్ ఇండియా జీవజాలం సంపుటం ఆయనదే. వృత్తి సంగీతం.

ఒంటి గుర్తులు చూసే ఈ చాదస్తం విలువ ఏమిటో మన సికింద్రాబాదు ఒకసారి చూపించింది. మలేరియా క్రిమి కోసం వెతుకుతూ రొనాల్డ్ రాస్ రెండేళ్ళు తప్పుడు దోమల్ని కోసి కోసి కళ్ళు పోగొట్టుకున్నంత పని చేశాడు. దోమల శాస్త్రం ఆయనకూ అంతంతమాత్రమే. బూడిదరంగువి, చారలవి అని సొంతంగా పేర్లు పెట్టుకున్నాడు. మలేరియా రోగి హుసేన్ ఖాన్‌కు దోమకు అణా చొప్పున ఇచ్చి, రెక్కలమీద మచ్చలున్న మూడో రకంతో కుట్టించాడు. 1897 ఆగస్టు 20న ఆ మచ్చల రెక్కల దోమ కడుపులోనే మలేరియా క్రిమి దొరికింది. 1902లో నోబెల్. రెక్కమీది మచ్చ అంత పని చేసింది.

అమెరికాలో కొన్నిచోట్ల కొంగ ఈగను దోమల డేగ అంటారు, దోమల్ని పట్టి తింటుందని నమ్మకం. పచ్చి అబద్ధం. దోమల్ని తినే దోమ మాత్రం నిజంగా ఉంది, మన దేశంలోనూ ఉంది. టాక్సోరింకైటిస్ అనే పెద్ద దోమ పిల్లలు నీళ్ళలో మిగతా దోమ పిల్లల్ని పట్టి తింటాయి. పెరిగాక అది పూలతేనె తాగుతుంది, మనల్ని ముట్టదు. నిజమైన పెద్దదోమ అదన్నమాట.

ఇదంతా పెద్దమ్మకు చెప్పాను. రెక్కలు, గుండుసూదులు, వీపుమీద "వి". ఆమె ఓపిగ్గా విని, "అయితే పాపం కుట్టదంటావు" అంది. ఆ రెండు కాళ్ళనూ కాగితంలో మడిచి దాచుకుందామని పొద్దున్నే లేచి చూద్దును గదా, ఆమె నాకంటే ముందే లేచి వసారా అంతా ఊడ్చేసింది.