పేరు తెలిస్తే... భయం సగమే!

తొలకరి చినుకులు పడ్డాయంటే చాలు... ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఏదో ఒక వీధిలో 'పామూ...!' అన్న కేక వినిపిస్తుంది. మరుక్షణం కర్రలు లేస్తాయి. వచ్చింది ఏ పామో, దానికి విషముందో లేదో చూసే తీరిక ఎవరికుంటుంది? చచ్చాక తెలుస్తుంది... అది ఎలుకల కోసం వచ్చిన జెర్రిపోతని! దీనికంటే పెద్ద ప్రమాదం ఇంకోటుంది. విషమున్న పామును చూసి 'ఇదేం చేయదులే' అనుకోవడం.

ఒకవైపు కుతుబ్‌షాహీల కాలంనాటి పెద్దచెరువు, మరోవైపు రాళ్లగుట్టలు, మధ్యలో చెలకలు. సాగర్ రోడ్డు వెంట హైదరాబాద్ పెరుగుతూ వచ్చేకొద్దీ ఆ చెలకల్లో వెంచర్లు వెలిశాయి. ఇల్లు మనకు కొత్తేమో కానీ ఆ చోటు తొండలకూ పాములకూ పిట్టలకూ పాతదే. కొత్త కాలనీకి వెళ్లగానే పక్కింటివాళ్లను పరిచయం చేసుకుంటాం కదా... వీటినీ అలాగే పరిచయం చేసుకుంటే సరి!

ఆ నాలుగూ గుర్తుంటే...

మనదేశంలో పాముకాటు మరణాలకు ప్రధానంగా నాలుగు పాములే కారణం. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి.

నాగుపాము పడగ విప్పితే పోల్చుకోవడం తేలికే. విప్పకపోతేనే చిక్కు. జెర్రిపోతును చూసి నాగుపామనుకునేవాళ్లు చాలామంది. జెర్రిపోతు సన్నగా, పొడుగ్గా ఉంటుంది. కళ్లు పెద్దవి. మనిషిని చూస్తే వేగంగా పారిపోతుంది. దానికి విషం లేదు.

రక్తపింజరి లావుగా ఉంటుంది. వీపుమీద గొలుసు అల్లినట్టు వరసగా ముదురు గోధుమరంగు మచ్చలు. కోపమొస్తే ప్రెషర్ కుక్కర్ ఆవిరి వదిలినట్టు బుస కొడుతుంది. దీన్ని కొండచిలువ పిల్ల అనుకుని చేత్తో పట్టుకోబోయి కాటుకు గురైనవాళ్లున్నారు. కొండచిలువ మచ్చలు ఒక వరసలో ఉండవు, అడ్డదిడ్డంగా ఉంటాయి.

చిన్నపింజరి పేరుకు తగ్గట్టే చిన్నది. రాళ్లలో, పొడినేలల్లో ఉంటుంది. ఒంటిని చుట్టలు చుట్టి పొలుసులు రాపిడి చేస్తూ రంపంతో కోస్తున్నట్టు చప్పుడు చేస్తుంది.

ఇక కట్లపాము. నల్లటి ఒంటిమీద తెల్లటి సన్నని పట్టీలు, చాలావరకు జంటలుగా ఉంటాయి. మెడ దగ్గర పట్టీలు ఉండవు, ఉన్నా మసగ్గా ఉంటాయి. తోకవైపు వెళ్లేకొద్దీ స్పష్టమవుతాయి. గోడలెక్కి ఇళ్లలోకి వచ్చే వుల్ఫ్ స్నేక్ అచ్చం ఇలాగే కనిపిస్తుంది కానీ దానికి విషముండదు. దాని పట్టీలు మెడ దగ్గరే మొదలై, తోకవైపు వెళ్లేకొద్దీ మాసిపోతాయి. అయితే ఈ తేడా దూరం నుంచి చూసి తెలుసుకోవడానికే! అనుమానం వస్తే అది కట్లపామే అనుకోవాలి.

ఎందుకంటే కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. నేలమీద పడుకున్నవాళ్లను కాటేస్తుంది. నొప్పి ఉండదు, వాపు ఉండదు. తెల్లారేసరికి కడుపునొప్పి, బరువెక్కిన కనురెప్పలు, మింగడం కష్టం... 'ఏదో తిన్నది పడలేదు' అనుకుంటూ ఇంట్లో కూర్చుంటే ఊపిరి ఆగిపోతుంది. మంచంమీద పడుకోవడం, దోమతెర అంచుల్ని పరుపు కిందికి మడవడం... ఈ రెండూ ప్రాణాలు కాపాడతాయి.

బంగారు పాము... మన మాటే!

పాముల్ని గుర్తుపట్టడం జనానికి నేర్పాలన్న ఆలోచన తెలుగునేలకు కొత్తకాదు. స్కాట్లండ్‌కు చెందిన వైద్యుడు ప్యాట్రిక్ రస్సెల్ 1780ల్లో విశాఖపట్నంలో ఉంటూ ఈస్టిండియా కంపెనీకి పనిచేశాడు. ఏది విషసర్పమో ఏది కాదో తేల్చాలని కోరమాండల్ తీరపు పాముల్ని సేకరించి, 1796లో బొమ్మలతో పుస్తకం అచ్చువేశాడు. అందులో ఇక్కడివాళ్లు పిలిచే పేర్లనే రాసుకున్నాడు. రక్తపింజరి 'కాటుక రేకుల పొడ' అయితే, పసుపు పట్టీలుండే కట్లపాము 'బంగారు పాము'! ప్రపంచమంతా కట్లపాముల జాతిని పిలిచే 'బంగారస్' అన్న శాస్త్రీయనామం పుట్టింది ఆ తెలుగు మాటలోంచే. రక్తపింజరికేమో ఇంగ్లిషులో రస్సెల్ పేరే స్థిరపడింది.

కాటేస్తే పాము కోసం వెతకొద్దు

2020లో వెలువడిన ఓ అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 వరకు మనదేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షలమంది చనిపోయారు. అంటే ఏడాదికి సగటున 58 వేలమంది. తెలుగు ప్రాంతం కూడా ఆ మరణాలు ఎక్కువున్న జాబితాలోనే ఉంది. 2030 నాటికి ఈ మరణాల్ని సగానికి తగ్గించాలని కేంద్రం 2024లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది.

మరి మనం చేయాల్సింది? కాటేసిన పామును చంపి ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన పనిలేదు. మనదగ్గర వాడే విషవిరుగుడు మందు పై నాలుగు పాముల విషానికీ పనిచేస్తుంది. డాక్టరు లక్షణాలు చూసి వైద్యం చేస్తారు. బిగించి కట్టడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, మంత్రం వేయించడం... ఇవన్నీ కాలయాపనే. కాటుపడినవాళ్లను నడిపించకుండా, చేతినో కాలినో కదలకుండా ఉంచి వెంటనే 108కి ఫోన్ చేయాలి.

పాపం... చెడ్డపేరు!

చెట్ల దగ్గర మెరుస్తూ జరజరా పాకే నలికండ్లపాము అసలు పామే కాదు. పొట్టి కాళ్లున్న బల్లిజాతి జీవి. విషం లేదు. మొద్దుతోక వల్ల 'రెండు తలల పాము' అనిపించుకునేదానికి ఉన్నది ఒక్కటే తల. లక్షలు వస్తాయన్న మాట మోసగాళ్ల కట్టుకథ.

రోకలిబండ ముట్టుకుంటే చుట్టచుట్టుకుంటుంది, కుట్టదు. జెర్రి మాత్రం కరుస్తుంది. తేళ్లలో పెద్ద నల్లతేలును చూసి జడుసుకుంటాం కానీ, చిన్న ఎర్రతేలుతోనే ఎక్కువ ప్రమాదం, పిల్లలకు మరీ! తొలకరికి ఎర్రమట్టిమీద మఖమల్ గుడ్డలా మెరిసే ఆరుద్ర పురుగు మాత్రం ఏమీ చేయదు. కాళ్లు లెక్కపెట్టమనండి పిల్లల్ని... ఎనిమిది! అందుకే అది కీటకం కాదు, సాలీడుకు చుట్టం.

రాత్రిపూట తీతువు అరిస్తే చావుకబురని వణికిపోతాం. నేలమీదే గుడ్లుపెట్టే ఆ పిట్ట, కుక్కో మనిషో దగ్గరికొస్తే గోలచేస్తుందంతే. గుడ్లగూబా అంతే. ఇంటిముందు వాలితే అరిష్టమంటాం కానీ అది తినేది ఎలుకల్ని. ఎలుకలు తగ్గితే వాటికోసం వచ్చే పాములూ తగ్గుతాయి!

ఇంటి చుట్టూ రాళ్లకుప్పలు, పిడకలు, చెత్త లేకుండా చూసుకోవాలి. రాత్రి బయటికెళితే టార్చిలైటు తప్పనిసరి. పాము వస్తే దూరంగా నిలబడి అది ఎటు పోతోందో కనిపెడుతూ, అటవీశాఖకో హైదరాబాద్‌లోని ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీకో కబురు చేయాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పాముల్ని చంపడం నేరం కూడా.

ఈ ఆదివారం పిల్లల చేతికో నోటుపుస్తకం ఇవ్వండి. ఇంటిచుట్టూ కనిపించిన ప్రతి పిట్టనూ పురుగునూ దూరంనుంచే చూసి రాయమనండి. పేరు తెలియకపోతే తాతయ్యనో నానమ్మనో అడగమనండి. రస్సెల్ దొరకు పేర్లు చెప్పింది అలాంటివాళ్లే!