ఈజిప్టు వీరుడి ఒంటిమీది వల

2017 అక్టోబరులో 'అసాసిన్స్ క్రీడ్ ఆరిజిన్స్' అనే వీడియో గేమ్ విడుదలైంది. కెనడాలోని యూబీసాఫ్ట్ మాంట్రియల్ స్టూడియో తయారుచేసింది. కథానాయకుడి పేరు బయెక్, సివా ఒయాసిస్ మనిషి. కథ క్రీ.పూ. 49 ప్రాంతంలో, క్లియోపాత్రా రోజుల్లో జరుగుతుంది. ఈ ఆటలో కెమెరా వీరుడి వెనకే నడుస్తుంది. అందుకని ఆడేవాళ్లకు గంటల తరబడి కనిపించేది బయెక్ ముఖం కాదు, వీపు. వీపుమీద వేలాడే విల్లు, డాలు, నడుము చుట్టూ కట్టిన బట్ట, నడుస్తుంటే ఊగే దాని అంచు. ఆ వేషం నమ్మించకపోతే పిరమిడ్లు ఎంత బాగా గీసినా ఆట తేలిపోతుంది.

వేషం నమ్మించాలంటే కళాకారుడికి గీత బాగుంటే చాలదు. నార ఎలా ఒంగుతుందో, తోలు ఎలా సాగుతుందో, అల్లికలోని కన్నం ఎలా తెరుచుకుంటుందో తెలియాలి. ఈ మూడింటిలో చివరిది చాలా కష్టం. ఆ కన్నాల సంగతి మాత్రం గోదావరి ఒడ్డున లేసు అల్లే నరసాపురంలో ఇంటింటా తెలుసు.

ముందు కాలం కుదరాలి

ప్రాచీన ఈజిప్టు అని ఒక్క మాటలో అనేస్తాం గానీ, అది మూడు వేల ఏళ్ల చరిత్ర. కొడవలిలా వంగిన ఖొపెష్ అనే కంచు కత్తి సినిమాల్లో, ఆటల్లో ఈజిప్టుకు గుర్తుగా మారింది. క్రీ.పూ. 1323 ప్రాంతంలో చనిపోయిన ఫారో టుటాంకామున్ సమాధిలో అలాంటివి రెండు దొరికాయి. కానీ బయెక్ కాలానికి ఆ కత్తి యుద్ధాల్లోంచి పోయి వెయ్యేళ్లు దాటింది. అప్పటికి రాజ్యం గ్రీకు మూలాల టాలెమీ వంశానిది, ఆయుధాలు ఇనుపవి. బయెక్ పదవి పేరు 'మెద్జాయ్', అంటే కాపలా భటుడు, కూడా అంత పాతదే. ఆట అతన్ని 'చివరి మెద్జాయ్' అని పిలిచి ఆ ఇబ్బందిని దాటేసింది. వినోదం కోసం ఆ మాత్రం చొరవ తప్పులేదు. అయితే ఏది చరిత్రో, ఏది చొరవో గీసేవాడికి ముందే తెలిసి ఉండాలి.

ఇనుము సంగతి ఒకటి ఇక్కడే చెప్పాలి. టుటాంకామున్ తొడపక్కన దొరికిన బాకు ఇనుపది. ఆ రోజుల్లో ఈజిప్టులో ఇనుప ఖనిజాన్ని కరిగించడం అలవాటు కాలేదు. ఎక్స్‌రే పరీక్షలో అందులో సుమారు 11 శాతం నికెల్ బయటపడింది. భూమిమీది ఖనిజం నుంచి తీసిన పాత ఇనుములో అంత నికెల్ ఉండదు. కాబట్టి అది ఉల్కతో చేసిన బాకు అని 2016లో శాస్త్రవేత్తలు తేల్చారు. ఆటలో వీరుడికి ఏ కత్తి ఇవ్వాలన్న ప్రశ్నకు ఒక్కోసారి జవాబు ఆకాశంలోంచి వస్తుంది.

ఏ నార? ఏ పురి?

ఈజిప్టువాళ్లు కట్టింది ప్రధానంగా లినెన్, అంటే అవిసె కాడల నారతో నేసిన బట్ట. లండన్‌లోని పెట్రీ మ్యూజియంలో తర్ఖాన్ చొక్కా అని ఒకటుంది. నేసిన దుస్తుల్లో ఇప్పటిదాకా దొరికినవాటిలో అత్యంత పురాతనమైనది అదే. కార్బన్ పరీక్ష ప్రకారం క్రీ.పూ. 3482–3102 మధ్యది. ఆ చొక్కా చేతులమీద పెట్టిన సన్నని మడతలు అయిదు వేల ఏళ్ల తర్వాత కూడా కనిపిస్తున్నాయి.

మడత అలా నిలవడానికి కారణం నారలోనే ఉంది. అవిసె పోగు తెగేముందు సుమారు 3 శాతమే సాగుతుంది, పత్తి పోగు 7 శాతం దాకా సాగుతుంది. సాగని పోగు నలిగితే నలిగినట్టే ఉండిపోతుంది. అందుకే లినెన్ ఒంటిమీద జారదు, కాస్త బిరుసుగా నిలబడుతుంది. తెరమీద బయెక్ బట్ట పట్టులా ఊగితే కంటికి ఏదో తేడా కొడుతుంది. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ఒకటి ఉంది. అది కూడా టాలెమీల కాలానిదని చెబుతారు, అంటే దాదాపు బయెక్ లోకానిదే. దాన్ని చుట్టింది ఈ లినెన్ పట్టీలతోనే.

మరి మన పత్తి? ఇక్కడ దారానికి ఎటు పురి పెట్టారన్నది సాక్ష్యం చెబుతుంది. ఈజిప్టు దారం పురి 'ఎస్' అక్షరం నడిమి గీత వాలినట్టు ఎడమకు వాలి ఉంటుంది. అవిసె పోగు తడి ఆరేటప్పుడు తనంతట తానే అటు మెలిదిరుగుతుంది. భారతదేశపు పత్తి దారం పురి 'జెడ్' గీతలా కుడికి వాలి ఉంటుంది. ఎర్రసముద్రపు ఒడ్డున బెరెనికే రేవు తవ్వకాల్లో దొరికిన నూలు గుడ్డల్లో భారతదేశం నుంచి వెళ్లినవాటిని గుర్తించడానికి పరిశోధకులకు ఈ వాలు బాగా పనికొచ్చింది. క్రీ.శ. ఒకటో శతాబ్దపు 'పెరిప్లస్' అనే గ్రీకు నావికుల గ్రంథం తూర్పుతీరంలోని మసాలియాలో సన్నని నూలుబట్ట విస్తారంగా తయారవుతుందని చెబుతుంది. మసాలియా అంటే కృష్ణా ముఖద్వారం చుట్టుపక్కల మన తీరమే. కానీ అది బయెక్ తర్వాత వందేళ్ల మాట. టాలెమీల రోజుల్లో భారతదేశానికి వెళ్లే ఓడలు అతి కొద్ది అనీ, రోమన్ల ఏలుబడిలో ఒక్క మయోస్ హోర్మోస్ రేవునుంచే 120 దాకా వెళ్లేవనీ గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో రాశాడు. కాబట్టి బయెక్‌కు తెలుగు నూలు పంచె కట్టాలని మనకెంత ముచ్చటగా ఉన్నా లినెన్‌తోనే సరిపెట్టుకోవాలి.

మహేర్‌ప్రి తోలు గోచీ

లినెన్ మీద సిపాయిలు, నావికులు, కూలీలు ఇంకో వస్త్రం కట్టేవారు. అది తోలు గోచీ. సమాధుల గోడబొమ్మల్లో అది వలలా కనిపిస్తుంది. నిజంగా వలేనని 1902లో తేలింది. రాజుల లోయలో మహేర్‌ప్రి అనే కొలువు ఉద్యోగి సమాధి దగ్గర పురావస్తు శాస్త్రవేత్త హోవర్డ్ కార్టర్‌కు ఒక చెక్కపెట్టె దొరికింది. ఆయన టుటాంకామున్ సమాధిని కనిపెట్టడానికి ఇంకా ఇరవై ఏళ్లు ఉంది అప్పటికి. పెట్టెలో మడిచిపెట్టిన తోలు గోచీలున్నాయి. వాటిలో ఒకటి ఇప్పుడు బోస్టన్ మ్యూజియంలో ఉంది.

దాన్ని దగ్గరగా చూస్తే అల్లిక కాదని తెలుస్తుంది. పలచని ఒకే తోలులో చిన్నచిన్న చీలికలు కోశారు. ఒక వరసలో చీలిక ఉన్నచోట పై వరసలో కోయని తోలు వస్తుంది. అడ్డంగా లాగితే ప్రతి చీలికా నోరు తెరిచి డైమండు ఆకారం అవుతుంది, మొత్తం తోలు వలగా విచ్చుకుంటుంది. అరుగుడు ఎక్కువగా ఉండే కూర్చునే చోట మాత్రం కోయకుండా నిండు తోలు వదిలారు. గాలి ఆడుతుంది, అడుగు స్వేచ్ఛగా పడుతుంది, లోపలి లినెన్ అరగదు. ఎండదేశపు సిపాయికి ఇంతకు మించిన సరంజామా ఏముంది?

ఇందులో ఒక మెలిక ఉంది. తోలు పెద్దగా సాగలేదు. చీలికల మధ్య మిగిలిన సన్నని పట్టీలు వంగి, మెలిదిరిగి దారి ఇచ్చాయి. సాగింది పదార్థం కాదు, ఆకారం. పలచని రేకును చీలికలు కోసి సాగేలా చేసే ఈ ఉపాయాన్ని ఇప్పుడు 'కిరిగామి' పేరుతో ఒంటికి అంటుకునే ఎలక్ట్రానిక్ పట్టీల్లో వాడుతున్నారు.

లేసు ఎందుకు సాగుతుంది?

వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉన్న నరసాపురం ప్రపంచానికి రెండు రకాల గుడ్డలు ఇచ్చింది. రెండూ ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. మొదటిది కన్నం కనపడని గుడ్డ. పట్టణం పక్కనున్న మాధవాయిపాలెంలో 17వ శతాబ్దంలో ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ గిడ్డంగి ఉండేది. అక్కడినుంచి వెళ్లిన నూలుబట్టకు ఆ ఊరి పేరే కాస్త మారి 'మడపొలం' అని స్థిరపడింది. తర్వాత ఇంగ్లండు మిల్లులే ఆ రకాన్ని అదే పేరుతో నేశాయి. రెండో ప్రపంచయుద్ధంలో చెక్కతో చేసిన మస్కిటో విమానాల ఒంటికి తొడిగి, పైన రంగు పూసింది ఈ మడపొలం గుడ్డనే. పడుగు, పేక దగ్గరదగ్గరగా బిగిసిన సాదా నేత కాబట్టి పూతను చక్కగా పట్టుకునేది.

రెండోది లేసు. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన క్రోషే పని డెల్టా పల్లెల్లోకి పాకి, ఇక్కడి ఆడవాళ్ల చేతిపనిగా స్థిరపడింది. జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ ఈ లేసు కార్మికుల మీద రాసిన పుస్తకం 1982లో వచ్చింది. గంటలకొద్దీ కష్టపడుతున్నా వాళ్లను కార్మికులుగా కాక ఖాళీ వేళల్లో పనిచేసే గృహిణులుగా లెక్కగట్టడాన్ని ఆమె ఎత్తిచూపారు. 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది.

క్రోషేలో ఉన్నది ఒకే సూది, ఒకే దారం. కొక్కెంతో దారాన్ని లాగి ఉచ్చు వేస్తారు, ఆ ఉచ్చులోంచి ఇంకో ఉచ్చు లాగుతారు. ఒక్కో పువ్వు విడిగా అల్లాక వాటిని కలపడం అతుకుపని. పూర్తయిన లేసును రెండు చేతులతో పట్టుకుని లాగితే సాగుతుంది. ఆ దారాన్నే విడిగా లాగితే సాగినట్టే ఉండదు. ఉచ్చుల వంపు కాస్త తిన్ననవుతుంది, గుండ్రటి కన్నం కోలగా మారుతుంది, పొడవు పెరిగినచోట వెడల్పు తగ్గుతుంది. మహేర్‌ప్రి గోచీలో చీలికలు చేసిన పనినే ఇక్కడ ఉచ్చులు చేస్తున్నాయి. మూడు వేల ఏళ్ల దూరంలో, తోలుతో ఒకరు, దారంతో ఇంకొకరు ఒకే సూత్రాన్ని పట్టుకున్నారు.

తెరమీద కన్నం గీయడం

ఇప్పుడు గేమ్ స్టూడియోలోకి వెళదాం. ఆటలో వీరుడి ఒళ్లు, బట్ట అన్నీ చిన్నచిన్న త్రిభుజాలతో కట్టిన బోలు రూపాలు. రంగు, గీతలు వేయడానికి ఆ రూపాన్ని, దర్జీ పాత చొక్కా కుట్లు విప్పి బల్లమీద పరిచినట్టు, చదునుగా విప్పుతారు. దానిమీద బొమ్మ వేసి మళ్లీ ఒంటికి తొడుగుతారు. బంగారం, కంచు, తోలు వేరువేరుగా మెరవడానికి ప్రతి చోటా ఉపరితలం ఎంత గరుకు, అది లోహమా కాదా అన్న విలువలు కూడా ఇస్తారు. లోహం తన రంగును మెరుపుకు కూడా పులుముతుంది, తోలు మెరుపు తెల్లగా ఉంటుంది. ఈ చిన్న భౌతికసూత్రంతో డాలుమీది కంచు కంచులా కనిపిస్తుంది.

బట్ట కదలికకు ఇంకో లెక్క. గుడ్డను బిందువుల గళ్లుగా ఊహించి, బిందువుల మధ్య స్ప్రింగులు పెడతారు. పడుగు పేకల వెంట కొన్ని, ఐమూలగా కొన్ని, మడత పడకుండా ఒక బిందువు వదిలి మరోదానికి కొన్ని. 1995లో గ్జావియే ప్రోవో ప్రచురించిన పద్ధతి ఇది. లినెన్‌కు స్ప్రింగుల బిగువు పెంచాలి, ఉన్నికి తగ్గించాలి. సెకనుకు 30 బొమ్మలు చూపించే ఆటలో ఒక్కో బొమ్మకు దొరికేది 33 మిల్లీసెకన్లు. అందులోనే ఒంటెలు, నైలు, అలెగ్జాండ్రియా జనం, అన్నీ లెక్కతేలాలి. గుడ్డ వాటాకు వచ్చేది అందులో అతి కొంచెం.

వల దగ్గరకు వచ్చేసరికి ఈ పొదుపు కుదరదు. జేబురుమాలంత లేసులో రెండు వేల ఉచ్చులున్నాయనుకుందాం. ఒక్కో ఉచ్చును దారంలా గుండ్రంగా గీయడానికి వంద త్రిభుజాలు పట్టినా మొత్తం రెండు లక్షలు. అందుకని కళాకారులు చదునైన రేకు ఒకటి పెట్టి, దానిమీద ముసుగు బొమ్మ వేస్తారు. బొమ్మలో 1 ఉన్నచోట దారం, 0 ఉన్నచోట కన్నం. విలువ సగానికి పైన ఉంటే గీయి, తక్కువైతే వదిలేయి అని కంప్యూటర్‌కు చెబుతారు.

దగ్గరినుంచి చూస్తే బాగానే ఉంటుంది. వీరుడు నాలుగడుగులు దూరం జరిగాక వస్తుంది చిక్కు. దూరపు వస్తువులకు కంప్యూటర్ చిన్న బొమ్మ వాడుతుంది. చిన్నది చేసేటప్పుడు పక్కపక్క చుక్కల సగటు తీస్తుంది. లేసులో దారం 40 శాతం, కన్నం 60 శాతం ఉందనుకోండి. బాగా కుదించాక ప్రతి చుక్క విలువా 0.4 దగ్గరికి చేరుతుంది. సగం కంటే తక్కువ కాబట్టి కంప్యూటర్ ఒక్క పోగూ గీయదు, లేసు మొత్తం మాయం. అదే దారం 60 శాతం ఉంటే కన్నాలన్నీ పూడిపోయి లేసు మడపొలం గుడ్డ అయిపోతుంది. పరిష్కారం సులువే: కుదించిన ప్రతి మెట్టులోనూ గీత కొట్టే విలువను 0.5 దగ్గరే ఉంచకుండా, 40 శాతం చుక్కలు నిలిచేలా సర్దుకుంటూ పోవాలి. ఆటల్లో చెట్ల ఆకులకు కూడా ఈ కిటుకే వాడతారు.

కనిపించడం సరే, సాగడం? స్ప్రింగుల గళ్లకు ఉచ్చుల సంగతి తెలియదు. 2008లో కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు స్వెటర్ అల్లికలో ప్రతి దారాన్నీ, దాని ఒరిపిడినీ విడిగా లెక్కగట్టి చూపించారు. అల్లిక సాగడం, అంచు చుట్టుకోవడం వాటంతట అవే వచ్చాయి. కానీ ఒక్కో బొమ్మకు నిమిషాలు పట్టే లెక్క అది, ఆటకు పనికిరాదు. అందుకే ఆటలో నిండు గుడ్డనే ఉంచి, అడ్డం, నిలువు స్ప్రింగులకు వేరువేరు బిగువు ఇస్తారు. ఆ అంకెలు పుస్తకంలో దొరకవు, నిజం గుడ్డను కొలిచే తెచ్చుకోవాలి.

మీరే కొలవండి

ఈ కొలత ఇంట్లోనే చేయవచ్చు. ఒకే సైజు లేసు ముక్క, సాదా నూలుగుడ్డ ముక్క తీసుకోండి. పై అంచును చెక్క స్కేలుకు బిగించి, కింది అంచు పొడుగునా పిన్నీసులతో పుల్లను కట్టి, దానికి నాణేల సంచి వేలాడదీయండి. నాణేలు పెంచుతూ ప్రతిసారీ పొడవు ఎంత పెరిగిందో, నడుమ వెడల్పు ఎంత తగ్గిందో రాసుకోండి. తర్వాత ముక్కను పక్కకు తిప్పి అదే చేయండి. మూడోసారి ఐమూలగా వేలాడదీయండి. సాదా గుడ్డ అడ్డం, నిలువు దాదాపు సాగదు, ఐమూలగా మాత్రం సాగుతుంది. లేసు అన్ని వైపులా సాగుతుంది, కానీ ఒక్కో వైపు ఒక్కోలా. సాగిన పొడవును అడ్డంగా, నాణేల బరువును నిలువుగా పెట్టి గ్రాఫు గీసి చూడండి. లేసు గీత మొదట పడుకుని, తర్వాత నిటారుగా లేస్తుంది. ఉచ్చులు తిన్ననయ్యేదాకా సాగేది ఆకారం కాబట్టి తేలిక. అవి తిన్ననయ్యాక అసలు దారాన్నే సాగదీయాలి, అది ఒప్పుకోదు.

బయెక్‌కైనా, రేపు మన పిల్లలెవరైనా గీసే శాతవాహన సిపాయికైనా, వలలాంటి బట్ట తొడగాలంటే కావాల్సింది ఈ గీతే. నరసాపురం చుట్టుపక్కల ప్రతి వీధిలోనూ దీనికి సరిపడా లేసు ముక్కలున్నాయి. ఏ డిజైనులో ఉచ్చు ఎటు సాగుతుందో అల్లినవాళ్లను అడిగితే, స్కేలు పెట్టకముందే చెబుతారు.