పెంపుడు జంతువు మరణము - పసిబిడ్డల దుఃఖము

ఇంటిలో పెరిగిన కుక్కయో, పిల్లియో, మేకపిల్లయో చనిపోయినప్పుడు పెద్దలు “మరియొకటి తెచ్చుకొందము” అని సరిపెట్టుకొందురు. బిడ్డకు మాత్రము అది నిత్యము తనతో ఆడుకొనిన నేస్తము. పెక్కుమంది పిల్లలకు మృత్యువుతో తొలి పరిచయము ఇట్లే కలుగును.

ఐదేండ్లలోపు పిల్లలు చావును ఒక విధమగు నిద్రగనో, ప్రయాణముగనో తలంతురు. హంగేరీ దేశపు పిల్లలను గూర్చి 1948లో ప్రచురించిన పరిశోధనలో మరియా నాగీ ఈ విషయమునే తెలిపిరి. కావుననే బిడ్డ “ఎప్పుడు వస్తుంది?” అని పదేపదే అడుగును. విసుగుకొనక ప్రతిసారియు ఒకే సమాధానము చెప్పవలెను.

“నిద్రపోయింది” అనినచో బిడ్డ తాను నిద్రించుటకే భయపడవచ్చును. “పారిపోయింది” అనినచో గుమ్మమువద్ద ఎదురుచూచును. నిజము తెలిసిననాడు పెద్దల మాట నమ్మదు. “నాయనా, మన కుక్క చనిపోయింది. దాని గుండె ఆగిపోయింది. ఇక లేవదు. దానికిప్పుడు నొప్పి లేదు” అని చెప్పుట మేలు.

తాను కోపగించుటచేతనే అది చనిపోయినదని బిడ్డ లోలోన కుములవచ్చును. “ఇందులో నీ తప్పేమీ లేదు” అని, అడుగకున్నను చెప్పవలెను. ఏడ్చు బిడ్డను, మగపిల్లవాడైనను, అదలింపరాదు. ఇష్టమున్నచో పాతిపెట్టిన చోట ఒక పూవు ఉంచనీయవలెను. దుఃఖము తీరకమునుపే మరియొక జంతువును తెచ్చుట తగదు.

జంతువునకు పిచ్చికుక్క వ్యాధి, అనగా రేబిస్, కలదని అనుమానమున్నచో కళేబరమును తాకనీయక పశువైద్యశాలకు తెలుపవలెను. అది కరచినదా, గీరినదా, పుండును నాకినదా యని బిడ్డను లాలనగా అడుగవలెను. దండనకు భయపడు బిడ్డ గాయమును దాచును. గాయమును సబ్బుతోను, ధారగా పడు నీటితోను 15 నిమిషములు కడిగి వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను. కారము, సున్నము, పసరు పూయరాదు. వ్యాధి లక్షణములు కనిపించిన పిదప ప్రాణము దక్కుట మిక్కిలి అరుదు.

దుఃఖము కొన్నాళ్లు వచ్చుచు పోవుచుండును. ఆటల నడుమ హఠాత్తుగా ఏడ్చుట సహజము. వారములు గడచినను బిడ్డ సరిగా తినక, నిద్రింపక, బడికి పోనొల్లకున్నచో వైద్యుని సంప్రదింపవలెను. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ మానస్ సేవకు 14416 సంఖ్యపై ఉచితముగా ఫోను చేయవచ్చును.

చిన్న నేస్తమును గూర్చి నిజము వినిన బిడ్డ, మున్ముందు పెద్ద దుఃఖము వచ్చినప్పుడును తల్లిదండ్రులనే అడుగును.