వార్తల్లో పదం: ఫోర్స్‌డ్ డ్రాఫ్ట్ పొయ్యి

చిన్న ఫ్యాన్‌తో మంటలోకి గాలిని నెట్టే కట్టెల పొయ్యే ఫోర్స్‌డ్ డ్రాఫ్ట్ పొయ్యి. గాలి తనంతట తానే అందేది నేచురల్ డ్రాఫ్ట్. కట్టె వేడెక్కగానే వాయువులు వెలువడతాయి. గాలి చాలక అవి సరిగా మండకపోతే పొగవుతాయి. ఫోర్స్‌డ్ డ్రాఫ్ట్ పొయ్యిలో పైఅంచు రంధ్రాల నుంచి దూసుకొచ్చే గాలి, ఆ వాయువులను గిన్నె అడుగుకు చేరేలోపే చాలావరకు మండించేస్తుంది. ఇళ్లలో వాడే పొయ్యిలకు భారతీయ ప్రమాణం ఐఎస్ 13152 ఉంది. దాని ప్రకారం ఫ్యాన్ పొయ్యిలో కట్టెల వేడిలో కనీసం 35 శాతం గిన్నెకు అందాలి. ఫ్యాన్ లేనివాటికి 25 శాతం చాలు. గిన్నెకు అందే ఒక్కో మెగాజౌల్ వేడికి ధూళికణాలు 150 మిల్లీగ్రాములు దాటకూడదు; ఫ్యాన్ లేకుంటే 350.

బ్రిటన్‌లో 1956 చట్టంతో, పొగ వదలడంపై ఆంక్షలుండే పొగ నియంత్రణ ప్రాంతాలు వచ్చాయి. మన ఊళ్లలో అలాంటి నిబంధన లేదు కాబట్టి ఎంపిక బాధ్యత కొనేవారిదే. గ్యాస్ ఉండగా ఈ పొయ్యి ఎందుకని అడగవచ్చు. నిజమే, గ్యాసే శుభ్రం. కానీ స్నానాల నీళ్లకో, పెద్ద వంటకో కట్టెలు వాడే ఇంట్లో ఆ పొగ పీల్చేది పొయ్యి ముందున్న మనిషే. 1980లలో సర్కారు పంచిన మెరుగైన పొయ్యిలు చాలాచోట్ల మూలపడ్డాయన్న అభ్యంతరమూ సరైనదే. అందుకే ప్రమాణం ముద్రతో పాటు మరమ్మతు సౌకర్యం, ఫ్యాన్‌కు కరెంటు లేదా బ్యాటరీ ఏర్పాటు చూసుకోవాలి. పచ్చి కట్టె పెడితే ఏ పొయ్యి అయినా పొగ చిమ్ముతుంది. ఎండిన, సన్నగా చీల్చిన కట్టెలే వాడండి.