భోజనానికి ముందు ఒక్క గ్లాసు

మన ఊళ్లలో మద్యం దుకాణంలో ఏం అమ్మినా సరే, దాని పేరు 'బ్రాందీ షాపు'. పెద్దవాళ్ల ముందు ఆ మాట అనడానికే మొహమాటం. అమెరికాలోని విస్కాన్సిన్‌లో మాత్రం బ్రాందీ కుటుంబ భోజనాల్లో కనిపించే పానీయం. మిగతా రాష్ట్రాల్లో 'ఓల్డ్ ఫ్యాషన్డ్' అంటే విస్కీతో చేస్తారు. ఇక్కడ బ్రాందీతో చేస్తారు. మిల్వాకీ, మాడిసన్‌లలో స్థిరపడ్డ మనవాళ్లకు ఆఫీసు విందుల్లో తరచూ ఎదురయ్యేది ఇదే.

ఇక్కడి సప్పర్ క్లబ్బుల్లో శుక్రవారం రాత్రి చేపల వేపుడు ఆనవాయితీ. బల్ల ఖాళీ అయ్యేదాకా బార్ దగ్గర ఈ గ్లాసుతో కబుర్లు చెప్పుకుంటారు. పిలుపు రాగానే భోజనానికి వెళతారు. తీపి, చేదు కలిసిన ఈ పానీయం ఆకలి పుట్టించడానికే.

తయారీ ఇలా: పొట్టి గ్లాసులో ఒక చక్కెర బిళ్ల, ఒక నారింజ ముక్క, ఒక చెర్రీ వేయాలి. అంగోస్తురా బిట్టర్స్ సీసాను రెండు మూడుసార్లు విదిలించి, అన్నీ కలిపి నలపాలి. ఐసు నింపి, 60 మిల్లీలీటర్ల బ్రాందీ, పైన సోడా పోయాలి. 'స్వీట్' అంటే సెవెనప్ లాంటి నిమ్మ సోడా. 'సోర్' అంటే గ్రేప్‌ఫ్రూట్ రుచి సోడా. 'ప్రెస్' అంటే సగం తీపి సోడా, సగం మామూలు సోడా. ప్రెస్‌లో తీపి తగ్గి చేదు తెలుస్తుంది. కాకరకాయ పులుసులో బెల్లం ఎంత పడాలో తెలిసిన చేతికి ఈ లెక్క కొత్త కాదు.

మన వారాంతపు విందుల్లో చాలాచోట్ల మగవాళ్లు సీసాతో బేస్‌మెంట్‌లో, మిగతావాళ్లు పైన. వడ్డన అర్ధరాత్రికి. సప్పర్ క్లబ్ పద్ధతి మనకూ పనికొస్తుంది. వంట సిద్ధమయ్యాకే గ్లాసులు తీయండి. కొలిచి పోయండి. సీసా అలమారలోనే ఉంచండి. తాగనివారికి అదే గ్లాసులో నారింజ, చెర్రీ, సోడా ఇవ్వండి. అందులో బిట్టర్స్ మాత్రం వేయొద్దు. వాటిలోనూ 44.7 శాతం ఆల్కహాల్ ఉంటుంది.

తీపి సోడా బ్రాందీ ఘాటును కప్పేస్తుంది. రెండో గ్లాసు తెలియకుండానే దిగిపోతుంది. వీసాపై ఉన్నవారికి ఇది జరిమానాతో పోయే సంగతి కాదు. తాగి కారు నడిపిన కేసులో అరెస్టయితే, కోర్టు తీర్పు రాకముందే అమెరికా విదేశాంగ శాఖ వీసా రద్దు చేయవచ్చు. 2015 నుంచి ఈ విధానం ఉంది. అందుకే అతిథులు గుమ్మంలోకి రాగానే అడగండి, తిరిగి వెళ్లేటప్పుడు కారు నడిపేది ఎవరని. వారి చేతికి సోడా గ్లాసు ఇవ్వండి.