సూక్ష్మజీవి యింట్లో పడవరేవు

క్రిందటి వేసవిలో మా అమ్మకు చలిజ్వరం వచ్చింది. మూత్రపరీక్ష చేయిస్తే "ఇ. కోలై" అని రిపోర్టు వచ్చింది. మొదట వాడిన మాత్రలు పనిచేయలేదు. మందు మార్చిన నాలుగోరోజుకు గాని జ్వరం దిగలేదు. మందును లెక్కచేయని ఆ ప్రాణి సంగతేమిటో తెలుసుకోవాలని నాకు పట్టుదల పుట్టింది.

1885లో ఎషెరిక్ అనే వైద్యుడు వర్ణించిన యీ సూక్ష్మజీవి పొడవు మిల్లీమీటరులో సుమారు 500వ వంతు. మామూలుగా మన పేగుల్లో బుద్ధిగానే కాపురముంటుంది. దారి తప్పి మూత్రనాళంలో చేరితేనే తంటా.

దాని ఒంటికి రెండు కొవ్వు పొరలు. నడుమ నీటివంటి ద్రవం, అందులో ఒక పలుచని గోడ. చాలా మందులను లోపలికి రానివ్వనిది వెలుపలి పొరే. ఆ పొరను కట్టి నిలిపే పనివాళ్లలో లైపోప్రోటీనులు, అంటే కొవ్వు అతికిన మాంసకృత్తులు, ముఖ్యమైనవి. 1969లో జర్మనీలో బ్రౌన్ గుర్తించిన లైపోప్రోటీను వెలుపలి పొరను గోడకు మేకులా బిగిస్తుంది. ఒక్కొక్క కణంలో ఇటువంటి మేకులు లక్షల కొద్దీ ఉంటాయి!

వీటి ముస్తాబు లోపలి పొరలో జరుగుతుంది. పుట్టిన మాంసకృత్తు తలకు ఒక చీటీ ఉంటుంది. ఒక ఎంజైము చీటీ పక్కనున్న సిస్టీనుకు రెండు కొవ్వు తోకలు తగిలిస్తుంది. రెండవ ఎంజైము చీటీని కత్తిరిస్తుంది. మూడవది ఇంకొక తోక చేరుస్తుంది.

అసలు చిక్కు ఇక్కడే. కొవ్వుకూ నీటికీ పొత్తు కుదరదు గదా! మరి యీ తోకలతో నడిమి నీటిని దాటడమెలా? దానికొక పడవ ఉన్నది. 1995లో టోక్యోలో టొకుదా బృందం దానిని గుర్తించింది. పేరు లోల్-ఎ. లోపలి పొరలోని ఒక యంత్రం శక్తి ఖర్చుపెట్టి లైపోప్రోటీనును పెరికి పడవ ఎక్కిస్తుంది. పడవలోని గూటిలో తోకలు తడవకుండా దాగుంటాయి. ఆవలి ఒడ్డున లోల్-బి అందుకొని వెలుపలి పొరలో నాటుతుంది. పడవ ఖాళీగా వెనక్కు వస్తుంది. అయితే అందరికీ ప్రయాణం లేదు. సిస్టీను పక్కన ఆస్పార్టిక్ ఆమ్లం ఉన్నవి సాధారణంగా లోపలి పొరలోనే ఉండిపోతాయి.

ఈ పడవ ఆగిందా, వెలుపలి పొర కట్టడం ఆగి ఇ. కోలై చస్తుంది. మన కణాలలో ఇటువంటి రేవు లేదు. అందుకే శాస్త్రజ్ఞుల కన్ను దీనిమీద పడింది. 1978లో జపానులో వెల్లడైన గ్లోబోమైసిన్ చీటీ కత్తిరించే ఎంజైమునే పట్టి ఆపుతుంది. కాని అది మనం మింగే మందుగా రాలేదు.

ఇదంతా అమ్మకు చెప్పాను.

"కంటికి కనపడనిదానికి ఇంత సంసారమా!" అని బుగ్గన వేలు పెట్టుకుంది. తరువాత, "ఆ పడవకు చిల్లిపెట్టే మందు వచ్చిందిట్రా?" అని అడిగింది.

"ఇంకా వెదుకుతున్నారమ్మా" అన్నాను.