బార్లీ లెక్కలో జొన్న ఒదగదు

జహీరాబాద్ నేలల్లో జొన్న పండుతుంది, చెరకు పండుతుంది, అల్లం, ఆలుగడ్డ పండుతాయి. బార్లీ పండదు. బీరు కాచేవాళ్లు వాడే బీర్‌స్మిత్, బ్రూఫాదర్ లాంటి సాఫ్ట్‌వేర్లేమో ప్రధానంగా బార్లీని మనసులో పెట్టుకుని తయారైనవి. వాటిలో జొన్న పేరు ఎక్కించవచ్చు, కిలోలు ఎక్కించవచ్చు. మారుమాట్లాడకుండా ఒక లెక్క తేల్చి చూపిస్తాయి. ఆ లెక్కను ఎంతవరకు నమ్మాలో తెలియాలంటే లోపల ఏం జరుగుతోందో ఒకసారి విప్పి చూడాలి. చూస్తే బ్రహ్మవిద్యేం కాదు, నీళ్ల పద్దు.

ముందు చట్టం సంగతి. తెలంగాణలో సారా అయినా, బీరయినా లైసెన్సు లేకుండా ఇంట్లో కాయడం 1968 నాటి ఎక్సైజ్ చట్టం కింద నేరం. సరిహద్దులోని చిరాగ్‌పల్లి చెక్‌పోస్టు పక్కనే ఉన్న జహీరాబాద్ వాళ్లకు ఎక్సైజ్ శాఖను కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు. 2015లో మైక్రోబ్రూవరీలకు నియమాలు వచ్చాక హైదరాబాద్‌లో అక్కడికక్కడే కాచి పోసే చోట్లు వెలిశాయి. అమెరికాలో ఫెడరల్ చట్టం 1979 నుంచి ఇంటి వాడకానికి బీరు కాచుకోనిస్తోంది, ఇద్దరు పెద్దలున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల వరకు. కాబట్టి ఈ లెక్క పనికొచ్చేది మైక్రోబ్రూవరీల్లో పనిచేసేవాళ్లకు, డాలస్‌లోనో అట్లాంటాలోనో గరాజ్‌లో గిన్నె పెట్టుకున్న మనవాళ్లకు. మిగతావాళ్లు తెలుసుకోవడం వరకే.

బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, వేడిగాలికి ఎండబెడితే మాల్ట్ అవుతుంది. ఇంట్లో రాగి మాల్ట్ చేసుకునేవాళ్లకు ఇది తెలిసిన పనే. మొలకెత్తేటప్పుడు గింజలో ఎంజైములు పుడతాయి. ఆ మాల్ట్‌ను బరకగా మరపట్టి 65 డిగ్రీల సెల్సియస్ అటూఇటూగా వేడినీళ్లలో గంటసేపు ఉంచితే, ఆ ఎంజైములు గింజలోని పిండిని చక్కెరగా మారుస్తాయి. ఇది మాష్. తర్వాత తీపినీళ్లను వడగట్టి, పిప్పిలో మిగిలిన తీపి కోసం మళ్లీ వేడినీళ్లు పోసి కడుగుతారు. ఇది స్పార్జ్. చెరకు ఫ్యాక్టరీలో ఆడిన పిప్పి మీద నీళ్లు చల్లి మళ్లీ మిల్లుకు పెట్టడం చూసినవాళ్లకు ఇది ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు. అలా వచ్చిన తీపినీళ్లను హాప్స్ పూలు వేసి మరిగించి, చల్లార్చి, ఈస్టు కలుపుతారు.

సాఫ్ట్‌వేర్ ఈ కథను చివరి నుంచి మొదటికి నడిపిస్తుంది. పులియబెట్టే డ్రమ్ములోకి 20 లీటర్లు కావాలనుకుందాం, మాల్ట్ 5 కిలోలు. మరిగించిన గిన్నె అడుగున మడ్డిగా 2 లీటర్లు పోతాయి, అంటే చల్లారాక 22 ఉండాలి. మరిగే నీళ్లు చల్లారితే నూటికి 4 వంతులు కుంచించుకుపోతాయి కాబట్టి పొయ్యి ఆపేసరికి 22.9 ఉండాలి. గంట మరిగితే ఆవిరయ్యేది మూడున్నర లీటర్లనుకుంటే, మరగడానికి ముందు గిన్నెలో 26.4 ఉండాలి. గింజ పీల్చుకుని వదలనిది కిలోకు సుమారు లీటరు, మొత్తం 5. మాష్ పాత్రలో కుళాయికి అందకుండా అడుగున నిలిచేది ఒక లీటరు. అన్నీ కలిపితే 32.4 లీటర్ల నీళ్లు పెట్టుకోవాలి. మాష్‌కు కిలోకు 3 లీటర్ల చొప్పున 15 పోస్తే, స్పార్జ్‌కు మిగిలేది 17.4.

ఇందులో కూడికలు, తీసివేతలే తప్ప మరేం లేదు. అయితే ఆవిరి, పీల్చుబడి, అడుగు నిల్వ అనే మూడు అంకెలూ ఎవరి సామాను ప్రకారం వాళ్లు ఎక్కించాల్సినవి. సాఫ్ట్‌వేర్ తనంతట తాను చూపించేవి ఇంకెవరి పొయ్యివో, ఇంకెవరి గిన్నెవో. నన్నడిగితే రెసిపీ జోలికి వెళ్లకముందే ఒక పూట వట్టి నీళ్లతో గడపాలి. కొలిచిన నీళ్లు గిన్నెలో పోసి, వాడబోయే పొయ్యి మీదే గంట మరిగించి, చల్లారాక మళ్లీ కొలవాలి. తగ్గిన నీళ్లలో కుంచింపు వాటా తీసేస్తే మిగిలేదే మీ ఆవిరి లెక్క. వెడల్పు గిన్నెకూ, మూతి బిగువైన గిన్నెకూ ఇందులో లీటర్ల తేడా రావచ్చు.

ఊరి ఎత్తు కూడా అడుగుతాయి ఈ సాఫ్ట్‌వేర్లు. జహీరాబాద్ సముద్రమట్టానికి 600 మీటర్ల పైనే ఉంది, నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మరిగే నీళ్లలో ముంచిన థర్మామీటర్ 100 చూపించలేదని దాన్ని పారేయకండి.

ఇక మాష్ నీళ్లు ఎంత వేడిగా ఉండాలి? చల్లటి గింజ పడగానే నీళ్ల వేడి దిగుతుంది, ఎంత దిగుతుందో ముందే లెక్కకట్టాలి. సూత్రం చిన్నదే. కిలోకు ఎన్ని లీటర్లో ఆ అంకెతో 0.41ని భాగించాలి. కావాల్సిన వేడికీ గింజ వేడికీ ఉన్న తేడాతో దాన్ని గుణించి, కావాల్సిన వేడికి కలపాలి. మాష్ 66 డిగ్రీల్లో నిలవాలి, ఎండాకాలం బస్తాలో గింజ 35 డిగ్రీలుంది అనుకుంటే నీళ్లు 70.2 డిగ్రీలు ఉండాలి. అదే డిసెంబరు తెల్లవారుజామున, పక్కనున్న కోహీర్ పేరు చలివార్తల్లో వినిపించే రోజుల్లో, గింజ 12 డిగ్రీలుంటే 73.4 కావాలి. మూడు డిగ్రీలు ఎక్కువేమీ కాదనిపిస్తుంది గానీ, 64 దగ్గర మాష్ నిలిస్తే పులిసే చక్కెర ఎక్కువై బీరు పలచగా, పొడిగా వస్తుంది, 68 దాటితే పులియని చక్కెర మిగిలి చిక్కగా వస్తుంది. పాత్ర కూడా వేడి లాగేస్తుంది కాబట్టి, ముందే దాన్ని వేడినీళ్లతో తొలిపితే ఈ లెక్కకు దగ్గరగా ఉంటుంది.

సాఫ్ట్‌వేర్ అసలు ఉపయోగం స్పార్జ్ దగ్గర తెలుస్తుంది. కడగడం రెండు రకాలు. పైనుంచి సన్నగా చిలకరిస్తూ కిందినుంచి అంతే నెమ్మదిగా వదలడం ఒకటి. మొదటి నీళ్లు పూర్తిగా దించేసి, రెండో నీళ్లు ఒక్కసారిగా పోసి, కలిపి, మళ్లీ దించడం రెండోది. రెండో పద్ధతిలో మొదటిసారి దిగినదీ, రెండోసారి దిగినదీ దాదాపు సమానంగా ఉంటే తీపి బాగా రాలుతుంది. పై లెక్కలో మొదటిసారి దిగేది 9 లీటర్లే, రెండోసారి 17.4. దీన్ని చెరి 13.2కు తేవాలంటే మాష్ నీళ్లు 19.2కు పెంచాలి. అప్పుడు కిలోకు 3.84 లీటర్లవుతుంది, ఎండాకాలపు నీళ్ల వేడి 69.3కు దిగుతుంది. గింజ తానే మూడు లీటర్లకు పైగా చోటు ఆక్రమిస్తుంది కాబట్టి పాత్రలో 22 లీటర్లకు మించి చోటు ఉండాలి. చేత్తో చేస్తే ఒక అంకె మార్చిన ప్రతిసారీ ఇంత తిరగరాత. సాఫ్ట్‌వేర్‌లో ఒక గడి మారిస్తే తక్కినవన్నీ వాటంతట అవే సర్దుకుంటాయి. దానికిచ్చే డబ్బు దీనికే.

సాఫ్ట్‌వేర్ హెచ్చరించినా హెచ్చరించకపోయినా, కడిగే నీళ్లు 77 డిగ్రీలు దాటకూడదు, దిగే తీపినీళ్ల పీహెచ్ 6 దాటకూడదు. దాటితే పొట్టులోని టానిన్లు దిగి బీరు వగరెక్కుతుంది. బోరునీళ్లు వాడేవాళ్లు ముందు వాటిని ల్యాబ్‌లో పరీక్ష చేయించి ఆ అంకెలు ఎక్కించడం మంచిది.

చివరికి వచ్చే చక్కెర ఎంతో కూడా సాఫ్ట్‌వేర్ ముందే చెబుతుంది. 5 కిలోల మాల్ట్‌లోని తీపిలో 75 శాతం రాలితే 22 లీటర్ల సాంద్రత 1.051, 65 శాతమే రాలితే 1.044. ఆ శాతాన్ని తొలిసారి ఊహించి వేయడమే తప్ప దారి లేదు. సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ నిజం చెప్పాక దిద్దుకోవాలి.

ఇప్పుడు బార్లీ తీసి జొన్న పెట్టండి. బార్లీ పిండి మాష్ వేడిలోనే ఉడికి జిగురవుతుంది, ఎంజైములు పనిచేసేదీ ఆ వేడిలోనే. జొన్న పిండి జిగురు కావడానికి 70 డిగ్రీల దాకా, ఒక్కోసారి ఇంకా పైకి వెళ్లాలి. అంత వేడికి చక్కెర చేసే ఎంజైముల్లో ముఖ్యమైనది చచ్చిపోతుంది, పైగా జొన్న మాల్ట్‌లో అది మొదటినుంచీ తక్కువే. 66 డిగ్రీలు, గంటసేపు అని తెరమీద కనిపించే పథకం జొన్నకు సరిపోదు. 1988లో నైజీరియా బార్లీ దిగుమతిని నిషేధించినప్పుడు అక్కడి పెద్ద బీరు ఫ్యాక్టరీలు జొన్నకు మళ్లక తప్పలేదు, బయటినుంచి కొన్న ఎంజైములతో ఈ లోటు పూడ్చుకున్నాయి. ఇంకో దారి కూడా ఉంది. జొన్న మాల్ట్‌ను 45 డిగ్రీల దగ్గర నానబెట్టి, తేరిన ఎంజైము నీళ్లను పక్కన తీసిపెట్టి, అడుగు ముద్దను ఉడికించి, చల్లార్చి, ఆ నీళ్లను మళ్లీ కలపాలి. సాఫ్ట్‌వేర్‌లో దీన్ని ఒకే మెట్టుగా రాయలేం, మూడు మెట్లుగా విడగొట్టి ఎక్కించాలి.

రెండో చిక్కు పొట్టు. బార్లీ పొట్టే వడపోత పరుపుగా నిలుస్తుంది. జొన్నకు ఆ పొట్టు ఉండదు, స్పార్జ్ మధ్యలో గింజ ముద్దకట్టి నీళ్లు దిగడం ఆగిపోతుంది. వడ్ల ఊక కడిగి కలిపితే దారి తెరుచుకుంటుంది. ఆ ఊక కూడా నీళ్లు పీలుస్తుంది, దాన్నీ పద్దులో రాయాలి.

మూడోది లెక్కకు సంబంధించింది కాదు, ప్రాణానికి సంబంధించింది. జొన్న మొలకలో సైనైడ్‌ను పుట్టించే పదార్థం ఉంటుంది. లేత జొన్న పైరు మేసిన పశువులు పడిపోవడం రైతులకు తెలిసిందే. మాల్ట్ ఎండాక మొలకనూ వేరునూ పూర్తిగా నలిపి, చెరిగి పారేయాలి. ఏ సాఫ్ట్‌వేరూ ఈ మాట అడగదు.

పైగా సాఫ్ట్‌వేర్ గింజల జాబితాలో జొన్న అంటే ఒకే గింజ. పస్తాపూర్ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళల విత్తన కుండల్లో జొన్న రకాలే ఎన్నో. ఒక్కో రకం ఎంత నీరు పీలుస్తుందో, ఎంత తీపి ఇస్తుందో విడిగా కొలిచి, కొత్త పేరుతో నమోదు చేసుకోవాలి. పావుకిలో మాల్ట్, లీటరు నీళ్లతో చిన్న మాష్ చేసి, గుడ్డలో వడగట్టి, దిగిన నీళ్లు కొలిస్తే పీల్చుబడి తేలిపోతుంది. ఆ తీపినీళ్ల చుక్క ఒకటి తెల్ల పింగాణీ మీద వేసి దానిపై అయోడిన్ చుక్క వేయండి. నల్లని నీలం వచ్చిందంటే పిండి ఇంకా మిగిలినట్టే. ఆ చుక్కను పారబోసి, మాష్ సాగించి, మళ్లీ చూడండి. నీలం పోయేదాకా, సాఫ్ట్‌వేర్ టైమరు మోగినా సరే, స్పార్జ్ మొదలుపెట్టకూడదు.